ఏది ముందు? యంత్ర రూపకల్పనలో ప్రాధాన్యాల చరిత్ర

1931లో నిజాంసాగర్ జలాశయం పూర్తయి మంజీర నీళ్లు కాలువలకెక్కాక బోధన్ చుట్టూ చెరకు పెరిగింది. 1937లో అక్కడే నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. చక్కెర మిల్లు ఉన్నచోట వర్క్‌షాపు తప్పదు. క్రషింగ్ సీజన్ ముగిశాక అరిగిన రోలర్లను లేత్ మీదికెక్కించి గాడులు మళ్లీ కోయాలి. టన్నుల బరువున్న ఆ పోత ఇనుమును మోసే లేత్‌కు ఏ గుణం ముందుండాలి? వేగమా, నునుపా, అదరని బలమా? ఉన్న ఖర్చులో అన్నీ దక్కవు. ఈ ఎంపికకు ఒక పద్ధతి ఏర్పడడానికి దశాబ్దాలు పట్టింది.

అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ 26 ఏళ్లు లోహపు కోతపై ప్రయోగాలు చేసి 1906లో ఫలితాలు వెల్లడించాడు. కోతను 12 అంశాలు శాసిస్తాయని తేల్చాడు. 1927లో జర్మన్ ఇంజనీరు జార్జ్ ష్లెసింగర్ యంత్రాల ఖచ్చితత్వ పరీక్షలను గ్రంథస్థం చేశాడు. కొలతలు వచ్చాయి కానీ, వాటిలో ఏది ముఖ్యమో తూచే లెక్క ఇంకా రాలేదు. 1947లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు లారెన్స్ మైల్స్ ప్రతి భాగాన్నీ ‘నువ్వు చేసే పనేమిటి, దానికయ్యే ఖర్చెంత’ అని నిలదీయడం నేర్పాడు.

మన దగ్గర లేత్‌ల వంటి యంత్రాలు తయారుచేసే సంస్థలుగా 1943లో సికింద్రాబాద్‌లో ప్రాగా టూల్స్, 1953లో బెంగళూరులో, 1965లో హైదరాబాద్‌లో హెచ్‌ఎంటీ (హిందుస్థాన్ మెషిన్ టూల్స్) వచ్చాయి. హెచ్‌ఎంటీ తొలి లేత్‌లకు స్విట్జర్లాండ్ ఓర్లికాన్ సంస్థ సహకారం అందించింది. పరాయి డ్రాయింగు వెంట పరాయి ప్రాధాన్యాలూ వస్తాయి. వాటిని మన అవసరంతో సరిచూసే సాధనాలు తర్వాత సమకూరాయి.

1966లో జపాన్‌లో యోజీ అకావో వాడకందారు కోరికను సాంకేతిక లక్షణాలుగా మార్చే పద్ధతికి బీజం వేశాడు. 1972లో కోబె నౌకానిర్మాణ కేంద్రంలో అది పట్టికగా రూపుకట్టింది. బ్రిటన్‌లో స్టువర్ట్ ప్యూ ఒక నమూనాను ప్రమాణంగా పెట్టుకుని మిగతావాటికి ప్లస్సులు, మైనస్సులు వేయించాడు. గణితవేత్త థామస్ సాటీ పద్ధతిలో గుణాలను జతలుగా పోల్చి 1 నుంచి 9 వరకు అంకెలు ఇస్తారు. రోలర్ లేత్‌లో నునుపు కంటే బలం 6 రెట్లు, వేగం కంటే 3 రెట్లు ముఖ్యమన్నామనుకుందాం. అప్పుడు వేగం నునుపు కంటే 2 రెట్లు ముఖ్యం కావాలి. అలా కాకపోతే మన తీర్పుల మధ్య పొంతన లేదని ఆ లెక్క పట్టిస్తుంది. పైగా చెరకును పట్టి లాగాలంటే రోలర్‌కు కాస్త గరుకుదనమే మేలు. కనుక నునుపు చివరికి పోవడం న్యాయమే.

ఈ సంగతి పట్టిక తనంతట తాను చెప్పలేదు. రోలర్ తిప్పిన టర్నర్ చెప్పాలి. 2015లో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడి కార్మికుల అనుభవాన్ని ఆ జిల్లా ఇంజనీరింగ్ విద్యార్థులు ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. పద్ధతి ఎంత గొప్పదైనా అందులో వేసే అంకెలు పనితెలిసినవాళ్ల నుంచే రావాలి.