విద్యార్థికి నిలువనీడ

మన షోలాపూరు తూర్పు భాగమున మగ్గముల చప్పుడు సద్దుమణిగిన సాయంకాలములందు అరుగులమీద కూర్చుండి లోకవృత్తాంతములు ముచ్చటించుకొనుట నేటికిని పూర్తిగా పోలేదు. 2024 ఏప్రిలు నెలలో అట్టి యొక సాయంకాలమున న్యూయార్కు నగరమందలి కొలంబియా విశ్వవిద్యాలయపు ప్రసక్తి వచ్చినది. గాజా యుద్ధమునకు నిరసనగా అచటి విద్యార్థులు విద్యాలయపు పచ్చికమీద గుడారములు వేసికొని కూర్చుండుటయు, పోలీసులు వారిని పట్టుకొనిపోవుటయు అందఱును టెలివిజనులో చూచియుండిరి. "చదువుకొనుటకు పోయిన పిల్లలకు ఎక్కడి పాలస్తీనా, ఎక్కడి గొడవ? నోరు మూసికొని చదువుకొనరాదా, అన్నా?" అని పొరుగింటి నేతగాడు నన్నడిగెను. అతని కుమారుడు పూనాలో వసతిగృహమందుండి చదువుచున్నాడు. కావున ఆ ప్రశ్నలో కోపముకంటె భయమే యెక్కువగా వినబడినది. ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఆ లోటు తీర్చుటకే యీ వ్యాసము.

సమాధానమునకు న్యూయార్కు దాక పోనక్కరలేదు. 1938వ సంవత్సరమును, మన తెలుగు గడ్డను, మన షోలాపూరును జ్ఞప్తికి తెచ్చుకొన్న చాలును.

1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఆ కాలమందు బోధన ఉర్దూ భాషలో జరుగుచుండెను. వసతిగృహములందు హిందూ విద్యార్థులకు ప్రార్థనకై గదులుండెను. ఆ ప్రార్థనలలో వారు వందేమాతర గీతమును పాడసాగిరి. 1938 నవంబరులో అధికారులు దానిని నిషేధించిరి. అది ప్రార్థన కాదనియు, రాజకీయ గీతమనియు, అన్యమతస్థుల మనస్సులను నొప్పించుననియు వారి వాదము. ఆ గీతమును గూర్చి దేశమంతటను ముస్లిములలో పలువురకు నిజముగనే అభ్యంతర ముండినది గనుక ఆ వాదమును ఉత్తమాట యని కొట్టివేయరాదు. కాని మా ప్రార్థనలో మేమేమి పాడుకొనవలయునో నిర్ణయించుటకు మీరెవ్వరని విద్యార్థులు ఎదురుతిరిగి, ఆ నెలాఖరున సమ్మె కట్టిరి. సమ్మె వరంగల్లు మొదలగు చోట్లకును వ్యాపించెను. వందలాది విద్యార్థులు కళాశాలలనుండియు, వసతిగృహములనుండియు బహిష్కృతులైరి.

బహిష్కృతుడైన పల్లెటూరి పిల్లవాని గతి యేమి? ఊరికి తిరిగిపోయిన చదువు లేదు. నగరమున నుండిన కూడు లేదు, నీడ లేదు. నిజాము రాజ్యమున మఱియొక విశ్వవిద్యాలయము లేదు. అట్టి సమయమున నాగపురపు విశ్వవిద్యాలయము తలుపు తెఱచినది. దాని ఉపకులపతి టి. జె. కేదారుగారు ఈ విద్యార్థులను చేర్చుకొనుటకు అంగీకరించిరి. ఆ విధముగ నాగపురము చేరినవారిలో వరంగల్లులో చదువుచుండిన పాములపర్తి వేంకట నరసింహారావుగారొకరు. 1991లో ఆయన భారతదేశమునకు ప్రధానమంత్రి యయ్యెను. ఆ తలుపు నాడు మూతబడియుండినచో ఆయన చదువు ఏమగునో ఎవ్వరెఱుగుదురు? ప్రధానమంత్రులు కాని పిల్లలును ఆ తలుపుగుండ పలువురు పోయి, చదువుకొని, వకీళ్లై, ఉపాధ్యాయులై బ్రతికిరి. వారికొఱకైనను నాగపురమునకు మన నమస్కారము చెల్లవలసినదే.

ఆ దినములలోనే మన షోలాపూరును ఊరకుండలేదు. ఈ యూరు అంతకు ఎనిమిదేండ్లకు ముందే, 1930 మే నెలలో, సైనికశాసనమును చవిచూచినది. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుస్సేను, జగన్నాథ షిండే, శ్రీకిసన్ సారడా అను నలుగురు 12-1-1931 నాడు యరవాడ కారాగృహమున ఉరికంబ మెక్కిరి. అట్టి ఊరిలో 1938 డిసెంబరునందు మాధవ శ్రీహరి అణేగారి అధ్యక్షతను ఆర్యసమాజపు మహాసభ జరిగెను. నిజాము రాజ్యమున మతస్వాతంత్ర్యము కొఱకు 1939లో నడచిన సత్యాగ్రహమునకు షోలాపూరే ముఖ్యస్థాన మయ్యెను. ఉత్తరదేశమునుండి వచ్చిన సత్యాగ్రహులు ఇచట బసచేసి సరిహద్దు దాటి పోయెడివారు. ఇది విద్యార్థుల సమ్మె కాదు, వేఱొక ఉద్యమము. కాని ఊరు చేసిన పని యొక్కటియే. ఇల్లు విడిచి వచ్చినవానికి ఒక పూట కూడు, ఒక రాత్రి చాప. మన నేతపేటల కుటుంబములు పెక్కు నిజాము రాజ్యపు తెలుగు జిల్లాలనుండి పొట్టచేతబట్టుకొని వచ్చినవే గనుక నీడలేమి యన నేమో వారికి వేఱుగ బోధింప నక్కరలేకుండెను.

ఇక పొరుగు నేతగాని ప్రశ్నలో రెండవ సగము మిగిలినది. వందేమాతరము మన గొడవ. పాలస్తీనా ఎవ్వరి గొడవ?

దీనికిని 1938వ సంవత్సరమే సమాధానము చెప్పుచున్నది. ఆ యేడు సెప్టెంబరులో, జపానుతో పోరాడుచున్న చైనా దేశమునకు సాయముగా కాంగ్రెసు పంపిన అయిదుగురు వైద్యులలో మన షోలాపూరు బిడ్డ డాక్టరు ద్వారకానాథ కోట్నీసు ఒకడు. అతనికప్పుడు ఇరువదియెనిమిదేండ్లైనను నిండలేదు. చైనా యతని కేమగును? అయినను పోయెను, గాయపడినవారికి కట్టుకట్టెను, 9-12-1942 నాడు అక్కడనే కన్నుమూసెను. అతడు పుట్టిన యిల్లు నేడు మన ఊరిలో స్మారకమందిరమై యున్నది. బడిపిల్లలను తీసికొనిపోయి దానిని చూపుచున్నాము. దూరదేశపు దుఃఖమును తన దుఃఖముగా భావించిన యువకుని ఇంటికి దండము పెట్టి, అట్టి భావమే కలిగిన నేటి యువకుని చూచి "నీకెందుకు?" అనుట పొసగునా?

ఉస్మానియాలో సమ్మె మొదలైన ఆ నెలలోనే, 26-11-1938 నాటి హరిజన పత్రికలో గాంధీమహాత్ముడు పాలస్తీనాను గూర్చి వ్రాసెను. జర్మనీలో యూదులు పడుచున్న బాధలకు ఆయన హృదయము ద్రవించినది. ఐనను అరబ్బుల ఇష్టము లేక వారి దేశమును ఇతరుల కిచ్చుట న్యాయము కాదని ఆయన తలంచెను. ఒక జాతి కన్నీరు తుడుచుటకు మఱియొక జాతికి కన్నీరు తెప్పింపరాదనునదే ఆ వ్రాతలోని సారాంశముగా నాకు తోచుచున్నది.

ఇపుడు కొలంబియా సంగతి చూతము. 7-10-2023 నాడు హమాసు వారు ఇజ్రాయేలుపై బడి సుమారు 1,200 మందిని చంపి, సుమారు 250 మందిని బందీలుగా కొనిపోయిరి. అనంతరము గాజాపై ఇజ్రాయేలు జరిపిన యుద్ధమున వేలకు వేలు, స్త్రీలును పసిపిల్లలును మరణించిరి. బడులు, విశ్వవిద్యాలయములు సహితము కూలిపోయినవి. 17-4-2024 నాడు కొలంబియా విద్యార్థులు గుడారములు వేసిరి. ఇజ్రాయేలుతో సంబంధముగల కంపెనీలలో విశ్వవిద్యాలయము పెట్టిన మూలధనమును వెల్లడించి, వెనుకకు తీసికొనవలయునని వారి కోరిక. మఱునాడే పోలీసులు నూఱుమందికి పైగా నిర్బంధించిరి. అంతట అమెరికాలోని ఇతర విద్యాలయములలోను గుడారములు లేచినవి. గుడారములలో యూదు విద్యార్థులును కొందఱుండిరి. ఆ నినాదములు విని భయపడిన యూదు విద్యార్థులును వెలుపల నుండిరి. రెండును సత్యమే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట చరిత్ర వ్రాయువానికి తగదు.

కొలంబియాకు ఇది క్రొత్త కాదు. 1968లో వియత్నాము యుద్ధమును, విశ్వవిద్యాలయపు మఱికొన్ని పనులను నిరసించి విద్యార్థులు హామిల్టను భవనము మొదలగువాని నాక్రమించిరి. 30-4-1968 తెల్లవాఱుజామున పోలీసులు వారిని ఈడ్చివైచిరి. 1985లో దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు ప్రతికూలముగా ఆ హామిల్టను భవనపు ద్వారముననే విద్యార్థులు కూర్చుండిరి. ఆ యేడే విశ్వవిద్యాలయము దక్షిణాఫ్రికా వ్యాపారములలోని తన సొమ్మును తీసివేయ నిశ్చయించినది. 30-4-2024 రాత్రి, అనగా సరిగా 56 ఏండ్లకు, ఆ భవనములోనికే పోలీసులు మరల ప్రవేశించిరి. ఈ నడుమ సస్పెండైన విద్యార్థులలో కొందఱు వసతిగృహములనుండియు వెడలగొట్టబడిరి. నా దృష్టి నిలిచినది ఈ చివరి మాటమీద.

ఏలయనగా ఇదే దండనను మన తెలుగుదేశము అంతకుమున్నే చూచినది. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులు వేఱొక సంఘపు విద్యార్థినాయకుని కొట్టిరను ఆరోపణమీద వసతిగృహమునుండి వెలివేయబడిరి. ఆ ఆరోపణను వారు ఒప్పుకొనలేదు. 2016 జనవరి మొదటి దినములలో వారు పరుపులను, అంబేద్కరు పటమును మోసికొని వచ్చి, విశ్వవిద్యాలయావరణములోని అంగళ్లకడ ఆకాశము క్రింద పండుకొనిరి. ఆ గుడారమునకు వారు పెట్టుకొన్న పేరు వెలివాడ. ఊరి వెలుపలి వాడ నెఱిగిన తెలుగువానికి ఆ పేరు వివరింప నక్కరలేదు. 17-1-2016 నాడు వారిలో నొకడైన వేముల రోహితు ప్రాణము తీసికొనెను. 21వ తేదీన మిగిలిన నలుగురి సస్పెన్షను రద్దయినది. నాలుగే నాలుగు దినములు! ఉత్తర్వును రద్దుచేయుట సాధ్యమే యని ఆ దినమున తేలినది. కాని అప్పటికి ఒక తల్లికి కొడుకు లేడు.

జీవితమంతయు గుమాస్తాగా గడిపినవాడను గనుక ఉత్తర్వుల భాష నాకు పరిచితము. అందు నియమపు సంఖ్య యుండును, తేదీ యుండును, క్రింద సంతకముండును. ఆ రాత్రి ఆ మనుష్యుడు ఎక్కడ పండుకొనును అను వాక్యమునకు మాత్రము చోటుండదు. అట్టి కాగితములను నేనును శుభ్రముగా నకలు తీసి, సంతకమునకు పెట్టితిని. ఒక్కసారియైనను ఆ ప్రశ్న వేయలేదు. విశ్వవిద్యాలయమునకు నియమములు వలదని నేననను. తరగతులు జరుగవలె, ఇతర విద్యార్థులు నిర్భయముగా తిరుగవలె. తప్పు చేసినవానిని విచారింపవచ్చును, దండింపవచ్చును. కాని దండనకును నీడ లాగివేయుటకును భేదమున్నది.

మాటలతో తీఱిన చోట్లును లేకపోలేదు. అమెరికాలోని బ్రౌను విశ్వవిద్యాలయమువారు విద్యార్థుల కోరికను పాలకమండలి యెదుట ఓటునకు పెట్టుదుమని 2024 ఏప్రిలు 30న మాట యిచ్చిరి. విద్యార్థులు తమంతట తామే గుడారములు ఎత్తిరి. అక్టోబరులో మండలి ఆ కోరికను త్రోసిపుచ్చినది. కోరినది దక్కలేదు, ఐనను మాట నిలిచినది. డబ్లినులోని ట్రినిటీ కళాశాల 2024 మే నెలలో విద్యార్థులతో మాటలాడి, ఆక్రమిత ప్రాంతములలో వ్యాపారముగల ఇజ్రాయేలు కంపెనీలనుండి సొమ్ము తీసికొన నంగీకరించినది. తెగిన పోగును ముడివేసి నేత సాగించుట మనకు నిత్యకృత్యము. పోగు తెగినదని పడుగంతయు కోసివేయువాడు నేతగాడు కాడు.

కావున పొరుగింటి తమ్మునికి నా సమాధాన మిది. పిల్లలు పట్టిన పక్షము ఒప్పో తప్పో కాలము తేల్చును. ఉస్మానియా పాట విషయమున నేటికిని అభిప్రాయభేదములున్నవి. కాని నాగపురము చేసిన పని మంచిదనుటలో ఎవ్వరికిని భేదము లేదు. నీ కుమారుడు రేపు ఏదో యొక నినాదము చేయవచ్చును. ఆ నినాదము నీకును నాకును నచ్చకపోవచ్చును. అయినను ఆ రాత్రి అతడు తలుపు తట్టినచో, ముందు కాళ్లు కడుగుకొన నీళ్లిచ్చి, అన్నము పెట్టి, వాదము తెల్లవాఱిన పిమ్మట పెట్టుకొమ్ము.

మన సంఘపు పెద్దలకును ఒక్క మనవి. సంఘమందిరమున పెండ్లిండ్లకు, సభలకు గదులున్నవి. వసతి కోలుపోయిన విద్యార్థి, ఏ కులమువాడైనను, ఏ మతమువాడైనను, ఏ నినాదము చేసినవాడైనను, పదిదినములు తల దాచుకొనుటకు ఒక గదిని విడిచిపెట్టుడు. ఒక చాప, ఒక షోలాపూరు దుప్పటి చాలును. దుప్పటి నేయుట మన పనియే గదా.