పేరు లేని వాన

2023 డిసెంబర్ 17, ఆదివారం. ధనుర్మాసం మొదలైన రోజు. తమిళనాడులోని తిరుచెందూరులో మురుగన్ దర్శనం చేసుకున్న జనంతో చెన్నై వెళ్లే సెందూర్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎనిమిదిన్నరకు కాస్త ముందే కదిలింది. వాన తెరిపివ్వడం లేదు. గంట కూడా గడవకముందే బండి శ్రీవైకుంఠం స్టేషన్‌లో ఆగిపోయింది. ముందు దారిలో పట్టాల కింద కంకర కొట్టుకుపోతోందని కబురు రావడంతో స్టేషన్ మాస్టర్ బండిని కదలనివ్వలేదు. ఆయన ఆ మాట మీద నిలబడకపోయి ఉంటే ఈ కథ చెప్పుకునే తీరే వేరు.

బండిలో సుమారు 800 మంది. మూడొందల మందిని ఆ రాత్రే దగ్గర్లోని బడికి చేర్చారు. మిగిలినవాళ్లు బోగీల్లోనూ ప్లాట్‌ఫారం మీదా ఉండిపోయారు. తెల్లారేసరికి ఏ దిక్కు చూసినా నీళ్లే. రోడ్డు లేదు, కరెంటు లేదు, ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు.

ఆ పగలూ రాత్రీ కలిపి సముద్రానికి దూరంగా లోపలున్న కోవిల్‌పట్టిలో దాదాపు అర మీటరు వాన కురిసింది. అగ్గిపెట్టెలకూ పల్లీచిక్కీకీ పేరుపడ్డ ఊరది. అక్కణ్ణించి సాత్తూరు మీదుగా విరుదునగర్ వైపు సాగే నల్లరేగడి నేలను అక్కడివాళ్లు కరిసల్ అంటారు. శతాబ్దాల కిందట ఇక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఈ మెట్టల్లో సేద్యం చేస్తున్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళంలో రాసిన కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్ వారే. ఆయన కథల్లోని మనుషులు వాన కోసం ఎదురుచూస్తారు. వాన ముంచేస్తుందని భయపడే అలవాటు ఈ నేలకు తక్కువ.

ఇంతకీ వచ్చింది తుఫాను కాదు. వాయుగుండమూ కాదు. కన్యాకుమారి దిగువ సముద్రం మీద ఏర్పడిన ఉపరితల ఆవర్తనం. సరిగ్గా పన్నెండు రోజుల ముందు, డిసెంబర్ 5న, బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫానును టీవీలు గంట గంటకూ వెంటాడాయి. గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకుంటేనే తుఫానుకు పేరు పెడతారు. పేరుంటే జనం పట్టించుకుంటారు. ఈ ఆవర్తనానికి గాలి బలం లేదు గనుక పేరూ లేదు. కానీ బంగాళాఖాతం మీదుగా వచ్చే తేమ తూర్పుగాలులను తీరం మీదికి ఎడతెగకుండా లాగింది. అటు పడమటి కనుమలు అడ్డుగా నిలిచాయి. మేఘాలు ముందుకు పోకుండా ఒకేచోట కురిశాయి.

సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు 24 గంటల లెక్క తీస్తే తీరాన ఉన్న కాయల్‌పట్నంలో 95 సెంటీమీటర్లు. అక్కడ ఏడాది పొడుగునా కురిసేది కూడా అంత ఉండదు. ముందుగా సరిగ్గా చెప్పలేదని తమిళనాడు ప్రభుత్వం, చెప్పామని కేంద్రం తర్వాత వాదులాడుకున్నాయి. నాకైతే ఆ వాదన కంటే కొలబద్దే ఇబ్బందిగా కనిపిస్తుంది. వాతావరణ శాఖ లెక్కలో 20.4 సెంటీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం. ఆ పైన ఇంకో మెట్టు లేదు. 21 అయినా, 95 అయినా హెచ్చరిక రంగు ఒకటే.

స్టేషన్‌ను ఆనుకున్న పుదుక్కుడి ఊరివాళ్లు, తమ ఇళ్లనూ వరద చుట్టుముట్టిన వేళ, బియ్యం పోగుచేసి ప్రయాణికులకు వండిపెట్టారు. హెలికాప్టర్లు ఆహారం జారవిడిచాయి. మంగళవారం సహాయక దళాలు జనాన్ని బయటికి తెచ్చి, వాంచి మణియాచ్చి జంక్షన్‌కు చేర్చాయి. అక్కడ సిద్ధంగా ఉన్న ప్రత్యేక రైలు కోవిల్‌పట్టి, విరుదునగర్, మదురై దారిన చెన్నైకి బయల్దేరింది.

రైలు దాటిపోయిన చేలల్లో మినుము, పెసర, మొక్కజొన్న నీళ్లలోనే ఉన్నాయి. నల్లరేగడి నీటిని తొందరగా వదలదు. మామూలు ఏడాదుల్లో మెట్ట రైతుకు అదే వరం. ఈసారి వేళ్లు కుళ్లేదాకా పట్టి ఉంచింది.