వృత్తి నియంత్రణ సంస్థలు – సమాచార హక్కు చట్టంలోని మినహాయింపులు

(పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం)

వైద్యులు, న్యాయవాదులు, చార్టర్డ్ అకౌంటెంట్లను నమోదు చేసే సంస్థలు చట్టం ద్వారా ఏర్పడినవి. కనుక సమాచార హక్కు చట్టం–2005, సెక్షన్ 2(హెచ్) ప్రకారం అవి పబ్లిక్ అథారిటీలు. నిఘా, భద్రతా సంస్థలకు సెక్షన్ 24 కల్పించిన వెసులుబాటు వీటికి వర్తించదు. మినహాయింపు నిర్దిష్ట సమాచారానికే గాని సంస్థకు కాదు.

పరీక్షల సమాచారం: చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ కేసులో సుప్రీంకోర్టు 2011 సెప్టెంబరు 2న తీర్పునిచ్చింది. పరీక్షకులకు, మోడరేటర్లకు ఇచ్చిన సూచనలు, నమూనా జవాబులు విశ్వాసపూర్వకంగా అందజేసినవి కనుక సెక్షన్ 8(1)(ఇ) కింద వాటిని వెల్లడించనవసరం లేదని పేర్కొన్నది. అయితే మూల్యాంకనం ముగిసిన పిదప సెక్షన్ 8(1)(డి) కింద మినహాయింపు కోరరాదని స్పష్టం చేసింది.

క్రమశిక్షణ విచారణలు: సెక్షన్ 8(1)(హెచ్) కింద నిరాకరించుటకు విచారణ పెండింగులో ఉన్నదన్న కారణం ఒక్కటే చాలదు. వెల్లడి వలన విచారణకు ఏ విధంగా ఆటంకం కలుగునో అధికారి చూపవలసి ఉంటుంది.

వ్యక్తిగత సమాచారం: డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం–2023 ద్వారా సెక్షన్ 8(1)(జె)కు చేసిన సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చింది. ప్రజా కార్యకలాపంతో సంబంధం, విస్తృత ప్రజా ప్రయోజనం అనే పరీక్షలు ఆ క్లాజు నుండి తొలగినవి. అయినప్పటికీ ప్రజా ప్రయోజనం అధికమైనచో సమాచారమివ్వవచ్చునన్న సెక్షన్ 8(2) యథాతథంగా ఉన్నది. కొంత భాగమే మినహాయింపు పరిధిలోనిదైతే, మిగిలినది సెక్షన్ 10 కింద వేరుచేసి ఇవ్వవలెను.

దీని ప్రాధాన్యం గ్రామీణులకు మరింత ఎక్కువ. మల్లన్నసాగర్ జలాశయం కోసం ఖాళీ అయిన సిద్దిపేట జిల్లా వేములఘాట్ నుండి పునరావాస కాలనీకి తరలిన కుటుంబానికి కొత్త చోట వైద్యుడు అపరిచితుడే. ఆయన పేరు, అర్హతలు రిజిస్టరులో ఉన్నవో లేవో తెలుసుకొనుట ఆ కుటుంబ హక్కు. జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద నిర్వహించే జాతీయ రిజిస్టరు బహిరంగ పత్రమే.

దరఖాస్తుకు కారణం చెప్పనవసరం లేదు. సమాధానం 30 రోజులలో, ప్రాణ, స్వేచ్ఛలకు సంబంధించినదైతే 48 గంటలలో ఇవ్వవలెను. నిరాకరించినచో కారణాలు, అప్పీలు గడువు, అప్పీలేట్ అధికారి వివరాలు తెలుపుట తప్పనిసరి. మొదటి అప్పీలు 30 రోజులలో, రెండవది 90 రోజులలో దాఖలు చేయవలెను. రెండవ అప్పీలు కేంద్ర సంస్థలపై కేంద్ర సమాచార కమిషన్‌కు, రాష్ట్ర మండళ్లపై రాష్ట్ర సమాచార కమిషన్‌కు చేసుకొనవలసి ఉంటుంది.