రాత్రి హాజరు: ఎవరిని చూశారు, ఏం చూడలేదు?

నేను కోసిగి నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్‌లో జైళ్ల గురించి, జైలు బయట మనుషుల మీద పెట్టే నిఘా గురించి చెప్తాను. "మనకెందుకు ఈ జైళ్ల గోల" అనుకోవద్దు. ఒక్క ప్రశ్న మనసులో పెట్టుకొని వినండి: మనుషుల్ని మారుస్తామని ప్రభుత్వం డబ్బు ఖర్చు పెడితే, వాళ్లు నిజంగా మారారో లేదో ఎవరు చూశారు?

1871తో మొదలుపెడదాం. ఆ ఏడాది మద్రాసు నుంచి వచ్చిన రైలు దారి, బొంబాయి నుంచి వచ్చిన దారి రాయచూరులో కలిశాయి. మన ఆదోని, కోసిగి స్టేషన్లు ఉన్నది ఆ లైన్ మీదే. అదే ఏడాది క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ కూడా వచ్చింది. కొన్ని కులాల్ని, తెగల్ని మొత్తంగా, పుట్టుకతోనే నేరగాళ్లని ప్రకటించే చట్టం అది. మొదట ఉత్తరాదిలో పెట్టారు. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. అప్పుడు మనది బళ్ళారి జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి.

రైలుకీ ఈ చట్టానికీ ఏం సంబంధం అంటారా? ఎరుకలవాళ్ల సంగతి చూడండి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల... పేర్లలోనే పని ఉంది. సముద్రం పక్కనుంచి ఉప్పు తెచ్చి, ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకొని లోపలి ఊళ్లకు అమ్మేవాళ్లు. ఇక్కడి ధాన్యం అటు తీసుకెళ్లేవాళ్లు. ఉప్పు మీద సర్కారు పట్టు బిగించింది. సరుకేమో రైలెక్కింది. 1876-78 కరువు బళ్ళారి జిల్లాను పీల్చేసింది. 1882 అటవీ చట్టంతో వెదురు, ఆకు తెచ్చుకోవడం కూడా కష్టమైంది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 'డిజానర్డ్ బై హిస్టరీ' పుస్తకంలో ఈ వరసనే చూపించారు. ముందు పోయింది బతుకుతెరువు. 'నేరస్థ జాతి' అనే ముద్ర తర్వాత పడింది.

ముద్ర పడితే ఏమవుతుంది? పేరు రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. వేలిముద్రలు తీసుకుంటారు. చెప్పిన వేళకు వెళ్లి హాజరు వేయించుకోవాలి, చాలాచోట్ల రాత్రిపూట కూడా. ఊరు మారితే చెప్పాలి. ఆరేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడిలో పెట్టే అధికారం కూడా ఉండేది. ఇది అన్యాయం అని కోర్టుకు పోదామా అంటే, ఆ ప్రకటనను కోర్టులు ప్రశ్నించకూడదని చట్టంలోనే రాసేశారు!

తర్వాత సెటిల్‌మెంట్లు వచ్చాయి. 1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పెట్టారు. గవర్నర్ కౌన్సిల్‌లో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు అది. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. మన కర్నూలు జిల్లాలో సిద్ధాపురం ఉండేది. మిషన్లకు సర్కారు గ్రాంటు ఇచ్చేది. స్టూవర్టుపురం జనం చీరాల పొగాకు కంపెనీలో కూలికి వెళ్లేవాళ్లు.

ఇక్కడ కాస్త ఆగుదాం. సెటిల్‌మెంట్ బాగా నడుస్తోందని రిపోర్టు రాసేది ఎవరు? నడిపేవాళ్లే. గ్రాంటు తీసుకునేది? వాళ్లే. దొంగతనాలు తగ్గాయనే అనుకుందాం. మనిషి మారడం వల్ల తగ్గాయా, కాపలా వల్లా, రోజూ కూలి దొరకడం వల్లా? సెటిల్‌మెంట్ బయట ఉన్నవాళ్లతో పోల్చి చూస్తే తప్ప తెలీదు.

ఇదే కాలంలో ఇంకో దారి కూడా తెరుచుకుంది. 1919-20లో అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన ఇండియన్ జైల్స్ కమిటీ బ్రిటన్, అమెరికా, జపాన్ లాంటి దేశాల జైళ్లు చూసొచ్చింది. ఖైదీని సంస్కరించడమే జైలు పని అని చెప్పింది. మద్రాసులో 1920లో పిల్లల చట్టం, 1926లో బోర్స్టల్ చట్టం, 1936లో ప్రొబేషన్ చట్టం వచ్చాయి. ప్రొబేషన్ అంటే తప్పు చేశాడని కోర్టు తేల్చినవాణ్ని, జైలుకు పంపకుండా, కొంతకాలం ఒక అధికారి కనిపెట్టుకొని ఉండటం. దానికి గడువు ఉంటుంది. రాత్రి హాజరుకు నేరం రుజువు కానక్కర్లేదు, గడువూ లేదు. రెండూ ఊళ్లో జరిగే నిఘానే. కానీ ఎంత తేడా!

1947లో మద్రాసు ప్రభుత్వం ఈ చట్టాన్ని రద్దు చేసింది. తర్వాత మన అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన కేంద్రం కమిటీ వేసింది. 1952 ఆగస్టు 31న దేశమంతా రద్దయింది. అందుకే వాళ్లని విముక్త జాతులు అంటాం. కానీ అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి: మద్రాసులో 1948, ఆంధ్రప్రదేశ్‌లో 1962. రిజిస్టర్ పేరు మారిందంతే అని చాలామంది అంటారు. నేనూ అదే అంటా.

మంచి మనసుతో చేసినా చూసుకోవాలి అనడానికి అమెరికా కథ ఒకటి చెప్తా. 1939లో కేంబ్రిడ్జ్-సోమర్‌విల్ అనే కార్యక్రమం మొదలైంది. 506 మంది మగపిల్లల్ని జతలుగా చేసి, జతలో ఒకరికి సలహాదారు, చదువులో సాయం, క్యాంపులు ఇచ్చారు. రెండోవాడికి ఏమీ ఇవ్వలేదు. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు వాళ్లందర్నీ వెతికి పట్టుకున్నారు. సాయం అందుకున్నవాళ్లలో చాలామంది "మాకు మేలు జరిగింది" అన్నారు. లెక్క చూస్తే కొన్ని విషయాల్లో వాళ్ల పరిస్థితే అధ్వానంగా ఉంది! పోల్చడానికి రెండో గుంపు లేకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పోలీసు పరిశోధనకు 1970లో కేంద్రం ఒక బ్యూరో పెట్టింది. జైలు అధికారుల శిక్షణకు 1979లో వేలూరులో అకాడమీ వచ్చింది. ఏటా జైలు లెక్కల పుస్తకం వస్తుంది. 2022 చివర్లో దేశంలో 5,73,220 మంది ఖైదీలు, అందులో 4,34,302 మంది విచారణలో ఉన్నవాళ్లే. అంటే నలుగురిలో ముగ్గురికి ఇంకా నేరం రుజువు కాలేదు. లోపల ఉన్నవాళ్ల లెక్క బాగానే ఉంది. విడుదలైన మనిషికి మూడేళ్ల తర్వాత పని దొరికిందా, ఏ సాయం పనికొచ్చింది? దానికి ఏళ్ల తరబడి వెంట ఉండి చూసే పరిశోధన కావాలి. గోడలకు, కెమెరాలకు పెట్టే ఖర్చులో కొంచెం దీనికి పెట్టమనే నేను అడిగేది.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు సుకన్య శాంత కేసులో, జైలు మాన్యువల్స్‌లో కులాన్ని బట్టి పని పంచే నిబంధనల్ని కొట్టేసింది. విముక్త జాతుల్ని అలవాటు నేరస్థులుగా చూడటం కూడా తప్పంది. రద్దయిన 72 ఏళ్లకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది చూడండి. ఎవరైనా "వాళ్లు పుట్టుకతోనే అంతబ్బా" అంటే, ఏ లెక్క చూసి అంటున్నావని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.