వార్ధక్యం ఎప్పుడు ఆరంభమవుతుంది? – హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

సంఘంలో వృద్ధులను ఆదరించాలని మనం తరచుగా బోధిస్తాం. అయితే వృద్ధుడు ఎవరు అనే ప్రశ్న మాత్రం అరుదుగా వేసుకుంటాం. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు పట్టణాలను దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నను చారిత్రకంగా పరిశీలించడం మా ఉద్దేశం.

ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లో 1876–78 నాటి ధాత కరువు సంభవించింది. జననాల నమోదు సరిగా లేని ఆ కాలంలో తమ వయస్సును కరువుకు ముందు, కరువుకు తర్వాత అని చెప్పుకున్నవారు అనేకులు. జనాభా లెక్కలలో నలభై, యాభై, అరవై వంటి గుండు సంఖ్యలే ఎక్కువగా నమోదయ్యేవి. అరవై సంవత్సరాల చక్రం ప్రకారం 1936లో ధాత మళ్ళీ వచ్చింది; కరువు నాటి శిశువుకు అప్పటికి షష్టిపూర్తి. ఇక పల్లె వాడుకలో మనుమడు పుట్టగానే నలభై ఏళ్ల స్త్రీ కూడా 'అవ్వ' అయ్యేది. వార్ధక్యాన్ని నిర్ణయించినది అంకె కాదు, కుటుంబంలో ఆమె స్థానం.

అంకెకు ప్రాధాన్యమిచ్చినది ఆధునిక ప్రభుత్వం. 1889లో జర్మనీ, 1908లో బ్రిటన్ పింఛనుకు 70 ఏళ్లను హద్దుగా పెట్టాయి. మన దేశంలో 1995లో ఆరంభమైన జాతీయ వృద్ధాప్య పింఛను 65 ఏళ్లకు లభించేది. 2011లో ఆ హద్దు 60కి తగ్గింది. మన రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సు 1983లో 58 నుండి 55కు తగ్గి, తిరిగి 58కి చేరి, 2014లో 60, 2022లో 62 అయ్యింది. మనుష్యుల శరీరాలు ఇంత త్వరగా మారలేదు, మారినవి ఉత్తర్వులే.

ఇక్కడ ధర్మవరం మనకు ఒక ముఖ్యమైన పాఠం నేర్పుతుంది. రాష్ట్ర పింఛను పథకంలో చేనేత కార్మికునికి 50 ఏళ్లే హద్దు. గుంట మగ్గంలో కాళ్లు దించి, జరీ పోగులపై చూపు నిలిపి దశాబ్దాలు పనిచేసినవాని కన్నులు, నడుము, మోకాళ్లు ఎంత అలసిపోతాయో ఆ పట్టణంలోని కాపరులకు తెలుసు. పెనుకొండ దగ్గరి కార్ల కర్మాగారంలో పనిచేసే యువకునికి ఉద్యోగుల పెన్షన్ పథకం ప్రకారం 58 హద్దు. హిందూపురం మార్కెట్లో మూటలు మోసే దినకూలీకి 60. ఒకే బల్ల మీద కూర్చునే విశ్వాసులకు వార్ధక్యం నాలుగు వేర్వేరు తేదీలలో వస్తున్నదన్నమాట. పుట్టిన తేదీ తెలియక అంచనాగా వేయించుకున్న సంవత్సరమే కార్డులో ఉన్నవారికి ఆ తేదీ కూడా నమ్మదగినది కాదు.

పరిశుద్ధ గ్రంథంలోనూ ఒకే హద్దు లేదు. లేవీయకాండము 27లో మ్రొక్కుబడి వెల 60 ఏళ్లకు మారుతుంది. 1 తిమోతి 5లో విధవరాండ్ర లెక్కకు 60 ఏళ్లు నియమం. కీర్తన 90 డెబ్బది, ఎనుబది ఏళ్లను గూర్చి మాట్లాడుతుంది. సంఖ్యాకాండము 8లో మాత్రం లేవీయులు 50 ఏళ్లకే ప్రత్యక్షగుడారపు పని మానాలి. అయినా వారిని బయటికి పంపలేదు. తమ సహోదరులకు తోడుగా కావలి కాయాలి. బరువు తొలగింది గాని స్థానం తొలగలేదు. ధర్మవరంలో మగ్గం దిగిన పెద్దాయన కండెలు చుడుతూ ఇంటి పనిలో పాలుపంచుకోవడం ఇటువంటిదే.

కాబట్టి వార్ధక్యపు ఆరంభాన్ని సంఖ్య ఒక్కటే తేల్చలేదని మా అభిప్రాయం. మనిషి చేసిన పని, ఇంటిలో అతని స్థానం కూడా తేలుస్తాయి. సంఘ కాపరి తన రిజిస్టరులో వయస్సుతో పాటు ప్రతివారు చేసిన పనిని కూడా వ్రాసుకొంటే, యాభై ఏళ్లకే అలసిపోయినవారు ఆదరణ జాబితా నుండి జారిపోరు. అర్హులై ఉండి పింఛను అందని వారికి పత్రాలు సరిచేయించుకోవడంలో తోడ్పడటం కూడా పరిచర్యే. అదే సమయంలో, పని మానినవారికి సంఘంలో ఏ బాధ్యత అప్పగిస్తామన్నది మనమందరం జవాబు చెప్పవలసిన ప్రశ్న.