పరిశోధన పత్రికావృత్తియు కృత్రిమ మేధయు: క్రెసెంటు నాటినుండి నేటి వరకు

జరిగినదానిని తెలుపుట పత్రికల సామాన్య ధర్మము. జరిగి దాచబడినదానిని వెలికిదీయుట విశేష ధర్మము. ఈ రెండవదానికే పరిశోధన పత్రికావృత్తి యని పేరు. మనుష్యుడు చదివి, పోల్చి, ఊహించి చేయు పనిని గణనయంత్రముచే చేయించు విద్యను కృత్రిమ మేధ యనుచున్నారు. గత పదేండ్లలో ఈ రెండును కలిసికొన్నవి. ఈ కలయికను గూర్చి ఆశలును భయములును కొల్లలుగా వినవచ్చుచున్నవి గాని, కోవిల్పట్టి, విరుదునగరు ప్రాంతముల నల్లరేగడి నేలపై తరతరములుగా నివసించు తెలుగువారికి దీనితో నేమి సంబంధమో విచారించినవారు అరుదు. అది తెలియవలెనన్నచో నూట ఎనుబది యేండ్లు వెనుకకు పోవలసియున్నది.

1806లో చెన్నపట్టణమున తెలుగు వర్తక కుటుంబమున జన్మించిన గాజుల లక్ష్మీనరసు చెట్టి వ్యాపారమున గడించిన ధనముతో 1844లో 'క్రెసెంటు' అను ఆంగ్ల పత్రికను స్థాపించెను. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషను అను సంఘమును నెలకొల్పి, దాని పక్షమున బ్రిటిషు పార్లమెంటునకు విన్నపము పంపెను. శిస్తు వసూలు చేయుటలో రైతులను హింసించుచున్నారనునది అందలి అభియోగములలో ఘోరమైనది. కుంపిణీ అధికారులు దీనిని నమ్మలేదు. నమ్మనట్లు నటించిరనుట సత్యమునకు మరింత దగ్గర. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూరు ఈ దేశమునకు రాగా, చెట్టి ఆయనతో కలిసి పల్లెలు తిరిగి బాధితులను కన్నులార చూపించెను. మరుసటి యేడు పార్లమెంటున చర్చ జరిగినది. విచారణ సంఘము ఏర్పడినది. ఎలియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురు సభ్యుల ఆ సంఘము 1855లో నివేదిక సమర్పించెను.

గంజాము నుండి తిరునల్వేలి వరకు వ్యాపించిన నాటి చెన్నపురి రాజధాని నుండి ఆ సంఘమునకు దాదాపు రెండు వేల ఫిర్యాదులు వచ్చెను. కొందరు కాలినడకన దూరదేశములనుండి వచ్చి చెప్పుకొనిరి. వ్రేళ్లను కఱ్ఱల నడుమ బిగించు 'కిట్టి', మెడ వంచి కాళ్లకు త్రాట కట్టి ఎండలో నిలుపుట మున్నగు హింసలు అందు వర్ణింపబడినవి. ఇందు గమనింపదగినదొకటి కలదు. కుంపిణీవారి లెక్కలు మిక్కిలి చక్కనివి. ఏ తాలూకాలో ఎన్ని రూపాయలు వసూలైనవో పైసలతో సహా అందు కలదు. ఆ రూపాయలు ఏ విధముగా వసూలైనవో మాత్రము లేదు. లక్ష్మీనరసు చెట్టి కనుగొన్నది లెక్కలలో లేనిదానిని.

ఆ తరువాతి ఉదాహరణము ఈ ప్రాంతమునదే. 1983లో స్మితు కొఠారీ యనునాయన శివకాశి అగ్గిపెట్టెల కర్మాగారములలో పనిచేయు పిల్లలను గూర్చి 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో వ్యాసము ప్రకటించెను. విరుదునగరు జిల్లా 1985లో ఏర్పడినది గనుక నాటికి శివకాశి రామనాథపురము జిల్లాలోనిది. తెల్లవారకమునుపే బస్సులు పల్లెలు తిరిగి పిల్లలను ఎక్కించుకొని పోవుట ఆనాడెల్లరు నెరిగినదే. హాజరుపట్టీలలో మాత్రము ఆ పిల్లలు కానరారు. శివకాశి బాలకార్మికుల వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము 1996 డిసెంబరు 10న తీర్పు చెప్పి, నిషిద్ధమైన పనిలో పెట్టుకొన్న ఒక్కొక్క బిడ్డకు యజమాని ఇరువదివేల రూపాయలు చెల్లింపవలెనని ఆదేశించెను. ఇచ్చటను శోధకుడు నడచి, చూచి, అడిగి తెలిసికొన్నదే సాక్ష్యమైనది.

ఇక యంత్రముల కాలము. 2016లో 'పనామా పత్రములు' వెలువడినప్పుడు శోధకుల చేతికి వచ్చిన కాగితములు ఒక కోటి పదునైదు లక్షలు. 2021 నాటి 'పండోరా పత్రములు' ఒక కోటి పందొమ్మిది లక్షలు. వానిలో పట్టికలుగా అమరియున్నవి నూటికి నాలుగు మాత్రమే. ఒక మనిషి జీవితకాలము చదివినను తరుగని రాశి యది. కావున కాగితములను జాతివారీగా వేరుచేయుటకును, పేర్లను ఏరుటకును యంత్రమునకు నేర్పిరి. యంత్రము ఏరినదానిని ప్రకటించుటకు ముందు మనుష్యులు మరల సరిచూచిరి. పూర్వము కాగితము దొరకకపోవుట శోధకునికి బాధ. ఇప్పుడు కాగితము దొరకి మునిగిపోవుట బాధ. ఈ రెండవ బాధకు యంత్రము మంచి మందు. మొదటి బాధకు దానివద్ద మందు లేదు.

తెలుగునాట జరిగిన కథ దీనికి తలక్రిందులు. అచ్చట యంత్రమే శోధనకు గురియైనది. తెలంగాణ ప్రభుత్వము 'సమగ్ర వేదిక' అను ఏర్పాటుచే వేర్వేరు శాఖల పట్టికలను కలిపి, పేరు, చిరునామా మొదలగువానిని పోల్చి, ఎవరికి వాహనము కలదో, ఎవరికి ఆస్తి కలదో తేల్చెడిది. ఆహారభద్రతా కార్డునకు అర్హులెవరో నిర్ణయించుటకును దీనిని వాడిరి. 2014 నుండి 2019 వరకు ఆ రాష్ట్రమున 18 లక్షల 60 వేలకు పైగా కార్డులు రద్దైనవి. 1,42,086 క్రొత్త దరఖాస్తులు తిరస్కరింపబడినవి. ముందుగా తెలియజేయుట లేదు. ఇవన్నియు యంత్రపు తప్పులని చెప్పరాదు. అనర్హులును వానిలో ఉందురు. అయితే ఎంతమంది అర్హులు వానిలో చిక్కిరో ఎవరును లెక్కించియుండలేదు. సర్వోన్నత న్యాయస్థానము 2022 ఏప్రిలులో మరల విచారింపుడని ఆదేశింపగా 4,91,899 దరఖాస్తులు వచ్చెను. ఆ జూలై నాటికి పరిశీలించిన 2,05,734లో 15,471 మంది అర్హులని తేలెను. అనగా నూటికి ఏడున్నర.

2024 జనవరిలో తపస్య, కుమార్ సంభవ్, దివిజ్ జోషి యను మువ్వురు 'రిపోర్టర్స్ కలెక్టివ్' పక్షమున అల్ జజీరాలో ఈ విషయమును సవివరముగా ప్రకటించిరి. వారు సమాచార హక్కు చట్టము క్రింద కాగితములు రాబట్టిరి. యంత్రమును నడుపు అంతరంగ సూత్రములను అడుగగా మాత్రము ఇయ్యబడలేదు. వారు బయటపెట్టిన ఉదంతములలో నొకటి చాలును. రిక్షా త్రొక్కి బ్రతికిన యొకనికి కారు కలదని పట్టికలో చేరుటచే వాని కుటుంబమునకు బియ్యము లేకుండబోయెను. ఆ కారు పేరులో పోలిక గల మరియొకనిది. ఆ వీధికి పోయి యింటిముందు నిలిచి చూచినవానికి ఒక నిమిషమున తెలియు విషయమది. లక్ష్మీనరసు చెట్టి నాడు లెక్క మౌనము వహించినది; ఇచ్చట లెక్క అబద్ధమాడినది.

పేరులో పోలిక యనుమాట కోవిల్పట్టి, విరుదునగరు తెలుగువారు చెవియొగ్గి వినదగినది. ఆంధ్రమున ఇంటిపేరు కాగితమునకెక్కును. తమిళనాట తండ్రిపేరులోని మొదటి అక్షరమే ఎక్కును. ఇంటిపేరు పెండ్లిమాటలలోను పెద్దల జ్ఞాపకములోను నిలిచియున్నది. దీనికి తోడు తమిళలిపిలో ప, బ లకు అక్షరమొక్కటే; క, గ లకును అట్లే. బాలయ్యయు పాలయ్యయు కాగితముపై ఒకే మనిషియగుదురు. లిపిదోషమని ఎవరు ననరాదు. తమిళమునకది చాలును, తెలుగు పేరునకు మాత్రము చాలదు. అక్షరములను పోల్చి మనుష్యులను గుర్తించు యంత్రము ఇట్టిచోట ఎన్ని కార్లను ఎందరు రిక్షావారికి కట్టబెట్టునో ఊహింపవచ్చును.

భాష సంగతియు అట్టిదే. మాటను విని వ్రాయు యంత్రములు విలేఖరులకిపుడు నిత్యోపకరణములు. వానిలో ప్రసిద్ధమైన 'విస్పర్' 2022లో వెలువడినది. 6,80,000 గంటల ధ్వనితో దానికి శిక్షణ గరపిరి. అందు వ్రాతప్రతితో కూడిన తమిళము 136 గంటలు. తెలుగు నాలుగు గంటల పై కొంచెము. ఆ నాలుగు గంటలలో కోవిల్పట్టి తెలుగు ఎన్ని నిమిషములుండును?

బాణసంచా విషయమున ఈ చిక్కులన్నియు నొక్కచోట కూడుచున్నవి. 2012 సెప్టెంబరు 5న శివకాశి చెంత ముదలిపట్టిలో ప్రేలుడు సంభవించి ముప్పదిమందికి పైగా మరణించిరి. 2021 ఫిబ్రవరి 12న సాత్తూరు చెంత అచ్చంకుళమున మరల అదే ఘోరము. అనుమతిపత్రములు, ఠాణాలలోని ప్రథమ సమాచార నివేదికలు, నష్టపరిహారపు ఉత్తరువులు, ఉపగ్రహములు తీసిన కర్మాగారముల చిత్రములు, వీనినన్నిటిని ప్రక్కప్రక్కన పేర్చి ఏ యజమాని పేరు ఎన్నిమారులు వచ్చినదో చెప్పుట యంత్రమునకు పూటపని. ఆ పని జరుగవలసినదే. కాని అనుమతి ఒకరిది, షెడ్డును నడుపువారు మరియొకరు అను ఉపకౌలు పద్ధతి ఇచ్చటి విచారణలలో పలుమారు బయటపడినది. ఆ ఒప్పందము నోటిమాట. అది తెలిసినది షెడ్డులో మందు కూరువానికి; వానికి కూలి ఎవరు ముట్టజెప్పుదురో వాడు ఎరుగును.

నోటిమాటను సేకరించుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. కోవిల్పట్టి సమీపమున ఇడైసెవల్‌లో 1923లో తెలుగు కుటుంబమున జన్మించిన కి. రాజనారాయణన్ తమవారు దక్షిణమునకు తరలివచ్చిన కథను పెద్దలు చెప్పుకొను మాటలనుండి గ్రహించి 1976లో 'గోపల్ల గ్రామం' అను తమిళ నవలగా వెలువరించెను. ఆయన జానపద కథలను, కరిసల్ పలుకుబళ్లను కూర్చినది ఊరూర విని. అట్లే అగ్గిపెట్టెల కర్మాగారమునందును బాణసంచా షెడ్డునందును పనిచేయు తెలుగు కూలి తన యింటి మాటలో చెప్పినదానిని వినువాడొకడు కావలెను. వినినదానిని తమిళలిపిలో వ్రాసికొన్నను సరియే. పేరు ప్రక్కన తండ్రిపేరును పూర్తిగా, ఊరిని, ఇంటిపేరును వ్రాసికొన్నచో ఆ కాగితమును యంత్రము పిమ్మట తప్పులేకుండ చదువుకొనగలదు.