మార్లవాయి అక్షరాలు

మా తాతను మేము తాదో అనేవాళ్ళం. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో అమరుడయ్యాక నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మా గోండు గూడాలకు పంపింది. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వెలిసింది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. తాదో అక్కడే అక్షరాలు దిద్దాడు.

పగలు జొన్నచేను, రాత్రి కందిలి ముందు గూడెం పిల్లలు. జీతం లేదు. షావుకారు ఏ కాగితం తెచ్చినా తాదో చదివి చెప్పనిదే ఎవరూ వేలిముద్ర వేసేవారు కాదు. అట్లా చాలామంది చేలు నిలిచాయి. తన చేను మాత్రం మా చిన్నాన్న పెళ్ళికి కుదువ పెట్టాడు. ఆ కాగితమూ తనే చదివి సంతకం చేశాడు. చేను తిరిగి రాలేదు.

ఆయన వాచకం మా దగ్గరుంది. బడిలో చదివి వినిపిస్తే పిల్లలు నవ్వుతారు, ఇంట్లో మాట పుస్తకంలో కూడా ఉంటుందా సార్ అని.